1,30,000 మైళ్ళు తిరిగిన సివిక్: గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలా, వదిలేయాలా?

ప్రశ్న: అన్నా, నేను టెక్సస్‌లో, డెంటన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. ఇండియా వెళ్ళిపోతున్న సీనియర్ దగ్గర 2010 హోండా సివిక్ కొన్నా, ఆటోమేటిక్, 1,30,000 మైళ్ళు తిరిగింది. ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో ఆయనకే తెలీదంట. పొద్దున్నే తీస్తే బానే ఉంటుంది, అరగంట నడిచాక సిగ్నల్స్ దగ్గర గేర్ మారేటప్పుడు చిన్న జర్క్ వస్తుంది. ఒక షాపులో చూపిస్తే మెషిన్ పెట్టి ఫ్లష్ చేయాలి, పాన్ గాస్కెట్టు, ఫిల్టరు కూడా మార్చాలి అని చాలా పెద్ద అమౌంట్ చెప్పారు. రూమ్మేట్ ఏమో ఇన్ని మైళ్ళయ్యాక ముట్టుకుంటే గేర్‌బాక్స్ పోతుంది అంటున్నాడు. నాన్నకి ఫోన్ చేస్తే నడిచే బండిని కెలకొద్దురా అన్నారు. నేనే చేసుకోవచ్చా? గుడివాడలో నాన్నది స్విఫ్ట్ ఏఎమ్‌టీ, దానికి కూడా ఇలాగే మార్చాలా?

సమాధానం:

తమ్ముడూ, మార్చు. నువ్వే చేసుకోవచ్చు కూడా. కానీ ఫ్లష్, అంటే మెషిన్‌తో పాత ఆయిల్ మొత్తం ఒకేసారి తోసేయడం, వద్దు, మార్చే ముందు పాత ఆయిల్ ఎలా ఉందో కళ్ళతో చూడకుండా ఒక్క డాలర్ కూడా ఖర్చు పెట్టొద్దు.

ముందు ఆ షాపు సంగతి. వాళ్ళిచ్చిన కోట్‌లో పాన్ గాస్కెట్ అని ఉందన్నావ్ కదా, నీ సివిక్ గేర్‌బాక్స్‌కి విప్పి దించే పానే లేదు. చాలా కంపెనీల ఆటోమేటిక్ గేర్‌బాక్సులకి కింద రేకు పళ్ళెం లాంటిది ఉంటుంది, బోల్టులు తీస్తే కిందకి వస్తుంది, లోపల ఫిల్టర్ కనిపిస్తుంది, అందుకని ఆ పని వాళ్ళకి బాగా అలవాటు. హోండా వాళ్ళది మొదట్నుంచీ వేరే దారి, లోపల మాన్యువల్ గేర్‌బాక్స్‌లో లాగా పక్కపక్కనే షాఫ్టులు, వాటి మీద గేర్లు, ఏ గేర్ కావాలో ఆ గేర్‌ని పట్టుకోవడానికి క్లచ్ ప్లేట్ల సెట్లు. ఫిల్టర్ కూడా లోపలే ఉంటుంది, గేర్‌బాక్స్ దించి కేసు విప్పితే తప్ప చేతికి రాదు. అంటే నీకు కోట్ ఇచ్చిన మనిషి నీ బండి కిందకి తొంగి కూడా చూడలేదు. అలాంటి చోట ఇంకే పనీ చేయించకు.

ఇప్పుడు రూమ్మేట్ భయం. అది మనవాళ్ళలో చాలామందికి ఉంది, దాని వెనక కొంచెం కారణం కూడా ఉంది కాబట్టి కొట్టిపారేయను. జరిగేది ఏంటంటే జనం ఏళ్ళ తరబడి ఆయిల్ మార్చరు, గేర్ జారడం మొదలయ్యాక, అంటే యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎమ్ లేస్తుంది గానీ బండి కదలదు చూడు, ఆ స్టేజికి వచ్చాక పరిగెత్తుకెళ్ళి ఆయిల్ మారుస్తారు, తర్వాత నెలలో గేర్‌బాక్స్ కూర్చుంటుంది, ఇక ఆయిల్ మార్చడం వల్లే పోయింది అని ఊరంతా చెప్తారు. అప్పటికే క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి, కొత్త ఆయిల్ పోస్తే అరిగిన ప్లేట్ మళ్ళీ పుట్టదు కదా. ఇంకో సంగతి, మెషిన్‌తో ఒకేసారి మొత్తం తోసేస్తే ఏళ్ళుగా మూలల్లో పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీలో, అంటే ఆయిల్‌ని ఎటు కావాలంటే అటు పంపే భాగంలో, ఉండే సన్నటి దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. హోండా వర్క్‌షాప్ పద్ధతిలో కూడా ఉన్నది తీయడం, కొత్తది పోయడం, నడపడం, మళ్ళీ తీయడం, అంతే. నువ్వు చేయాల్సింది కూడా అదే.

అసలు ఈ ఆయిల్ ఎందుకంత ముఖ్యమో ఒక్క నిమిషం చెప్తా, ఇది అర్థమైతే ఇక ఎవరు ఏం చెప్పినా కంగారు పడవు. ఇంజన్ ఆయిల్ పని ముఖ్యంగా రాపిడి తగ్గించడం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిలే బండిని నడిపిస్తుంది. ఇంజన్ తిప్పే శక్తి టార్క్ కన్వర్టర్‌లో ఈ ఆయిల్ ద్వారానే అవతలి వైపుకి చేరుతుంది. గేర్ మారాలంటే సాలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్, తెరుచుకుని ఈ ఆయిల్‌నే ప్రెజర్‌తో పంపాలి, ఆ ప్రెజర్‌కే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అవి మరీ గట్టిగా ఒక్కసారే పట్టుకున్నా తంటానే, జారుతూ పట్టుకున్నా తంటానే, సరిగ్గా ఎంత జారాలో అంతే జారేలా చూసే రసాయనాలు ఈ ఆయిల్‌లో కలిపి ఉంటాయి, వేడికి ముందు చచ్చేది అవే. మీ టెక్సస్ ఎండలో, ఐ-35 హైవే మీద ఆగుతూ కదులుతూ వెళ్ళే ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ ఎంత వేడెక్కుతుందో ఆలోచించు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బావుండి, అరగంట తర్వాత జర్క్ వస్తుంది అన్నావే, అందుకే నాకు మొదటి అనుమానం ఆయిల్ మీదకి పోయింది. పాత ఆయిల్ వేడెక్కితే పలచబడి ఆ పట్టు మారిపోతుంది.

అయినా అనుమానం అనుమానమే, ముందు చూడాలి. నీ అదృష్టం, ఈ సివిక్‌కి ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్, అంటే గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, ఉంది, ఈమధ్య వచ్చే చాలా కార్లకి అది కూడా లేకుండా చేశారు. ఇంజన్ ఆయిల్‌ది కాదు, ఇది వేరే, గేర్‌బాక్స్ వైపు కాస్త కిందగా దాక్కుని ఉంటుంది, ఓనర్స్ మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపించాడు. బండి నడిపి వేడెక్కాక సమతలంగా ఉన్న చోట పార్క్ చెయ్యి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగే దాకా ఇంజన్ ఆన్‌లో ఉంచు, తర్వాత ఆపెయ్యి. ఆపాక 60 సెకన్లు ఆగు, 90 దాటనివ్వకు, ఆ మధ్యలోనే డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి తీసి చూడాలి. చాలా బండ్లకి ఇంజన్ ఆన్‌లో ఉండగానే చూడమంటారు, యూట్యూబ్‌లో అదే చూసి హోండా ఓనర్లు కూడా అలాగే చేసేస్తుంటారు, నువ్వు మాత్రం ఆపి చూడు. లెవెల్ పై గీతకీ కింది గీతకీ మధ్యలో ఉండాలి. ఒక్కోసారి అసలు రోగం లెవెల్ తక్కువగా ఉండటమే, అప్పుడు ఎక్కడ కారుతుందో వెతకాలి, గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లాగా మండి తగ్గదు.

తర్వాత ఆ డిప్‌స్టిక్‌ని తెల్ల టిష్యూ మీద తుడువు. కొత్త ఆయిల్ ఎర్రగా, వెనక కాగితం కనిపించేంత పలచగా ఉంటుంది. నీది ఇన్ని మైళ్ళకి ఇటుక రంగులోనో, ముదురు టీ డికాక్షన్ రంగులోనో ఉంటే గాబరా పడకు, మార్చాల్సిన టైమ్ వచ్చింది అంతే. నల్లగా ఉండి ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన గట్టిగా కొడితే మాత్రం ప్లేట్లు కాలాయని లెక్క, అప్పుడు కూడా ఆయిల్ మార్చొచ్చు గానీ ఆశ ఎక్కువ పెట్టుకోకు, గేర్‌బాక్స్‌లు మాత్రమే చేసే మంచి షాపు ఒకటి వెతికి పెట్టుకో. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ లాగా గులాబీ రంగులో చిక్కగా ఉంటే లోపలికి కూలెంట్ గానీ నీళ్ళు గానీ వెళ్ళాయి, బండి అక్కడే ఆపెయ్యి, ఇంటి దాకా కూడా నడపొద్దు.

డ్యాష్‌బోర్డ్‌లో డి అనే లైటు మిణుకు మిణుకుమంటుందేమో కూడా చూడు. అలా అంటుంటే కంప్యూటర్ ఏదో కోడ్ పట్టుకుందని, ఆటోజోన్ లాంటి షాపుల్లో ఫ్రీగా స్కాన్ చేస్తారు, కొన్నిసార్లు ఒక సాలినాయిడో, ప్రెజర్ స్విచ్చో మారిస్తే సరిపోయే కేసులు ఉంటాయి. ఇంకోటి, గేర్ మారేటప్పుడు కాకుండా పార్క్ నుంచి డ్రైవ్‌లోకో రివర్స్‌లోకో వేయగానే ధబ్ మంటుంటే ఇంజన్ మౌంట్లు చూపించు, రబ్బర్ చిరిగిపోతే ఇంజన్ మొత్తం ఊగి గేర్‌బాక్స్ మీద నింద పడుతుంది.

ఇవన్నీ చూశాక ఆయిల్ గోధుమ రంగే, లైట్లేవీ లేవు, గేర్ జారడం లేదు అనుకుందాం, నువ్వు రాసిన దాన్ని బట్టి అదే అవ్వాలి. అప్పుడు పనిలోకి దిగు.

ఆయిల్ విషయంలో మాత్రం పీనాసితనం వద్దు. నీ బండి మాన్యువల్‌లో జెడ్-1 అనే ఆయిల్ పేరు రాసుండొచ్చు, తర్వాత హోండా దాని బదులు డీడబ్ల్యూ-1 తెచ్చింది, పాత బండ్లకి కూడా అదే. హోండా డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో దొరుకుతుంది. అన్ని బండ్లకీ పనికొస్తుంది అని రాసి అమ్మే డబ్బాలు కొంతమంది వాడతారు, బానే నడిచిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు, కానీ జర్క్ వస్తున్న బండిలో పోసి అది తగ్గకపోతే తప్పు ఆయిల్‌దా గేర్‌బాక్స్‌దా అని తేల్చుకోలేవు, అందుకే ఒరిజినలే పొయ్యమంటున్నా. ఒకసారికి సుమారు 2.4 లీటర్లు పడుతుంది, అంటే రెండున్నర క్వార్ట్‌లు. మూడుసార్లు చేయాలి కాబట్టి 8 క్వార్ట్ బాటిళ్ళు తెచ్చుకో, కాస్త మిగులుతుంది. హెచ్‌సీఎఫ్-2 అనే డబ్బా కూడా అదే షెల్ఫ్‌లో ఉంటుంది, అది సీవీటీ గేర్‌బాక్స్‌లకి, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే రకానికి, మామూలు సివిక్‌లకి ఇక్కడ 2014 మోడల్ నుంచి సీవీటీ వచ్చింది, నీ 2010 బండిలో అది పోస్తే అంతే సంగతులు. కౌంటర్‌లో మోడల్ ఇయర్ రెండుసార్లు చెప్పు. డ్రెయిన్ బోల్ట్ వాషర్లు కూడా మూడు అడుగు, 18 మిల్లీమీటర్లది, అది ఒకసారి నలిగితే మళ్ళీ సీల్ అవ్వదు.

మూడుసార్లు ఎందుకంటే, గేర్‌బాక్స్, టార్క్ కన్వర్టర్ అన్నీ కలిపి లోపల దాదాపు 6 లీటర్లు ఉంటుంది, బోల్ట్ తీస్తే వచ్చేది 2.4 మాత్రమే. అంటే మొదటిసారికి 40 శాతం కొత్తది అవుతుంది, రెండోసారికి 64, మూడోసారికి 78 శాతం దాకా. అక్కడితో ఆపేయొచ్చు. ఒకే రోజు మూడూ చేయక్కర్లేదు, ఒకసారి మార్చి వారం పది రోజులు కాలేజీకీ, హైవే మీదా నడుపు, ఐదో గేర్ దాకా వెళ్ళాలి, రివర్స్ కూడా పడాలి, అప్పుడే పాతదీ కొత్తదీ బాగా కలుస్తాయి. ఇలా మెల్లగా చేస్తే మడ్డి కూడా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది, రూమ్మేట్ భయానికి మందు అదే.

చేసే రోజు ఎక్కడ చేస్తావో ముందు చూసుకో. చాలా అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో బండి రిపేర్ చేయకూడదు అని రాసుంటుంది, సొంతిల్లు ఉన్న తెలిసినవాళ్ళ డ్రైవ్‌వే అడుగు, మనవాళ్ళు ఎవరైనా ఇస్తారు. నేల సమతలంగా ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వెయ్యి, వెనక చక్రాలకి అడ్డం పెట్టు, ర్యాంప్స్ ఎక్కించు, లేదా జాక్‌తో లేపి జాక్ స్టాండ్ల మీద కూర్చోబెట్టు. బండితో వచ్చిన కత్తెర జాక్ టైరు మార్చడానికే, దాని మీద నిలబెట్టి కిందకి దూరొద్దు. ఇది మాత్రం నాకు మాటివ్వాలి నువ్వు. ఆయిల్ తర్వాత మార్చుకోవచ్చు, మనిషి మళ్ళీ రాడు.

పది నిమిషాలు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే బాగా కారుతుంది, హైవే నుంచి రాగానే తీస్తే చెయ్యి కాలుతుంది, గ్లోవ్స్ వేసుకో. కింద బోల్ట్ విప్పే ముందు పైన కొత్తది పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకో. పైన ఫిల్ బోల్ట్ ఉంటుంది, అది ఏళ్ళుగా తీయక బిగుసుకుపోతే డిప్‌స్టిక్ రంధ్రంలోంచి సన్నటి పొడుగు గరాటు పెట్టి పోసుకోవచ్చు. దారి చూసుకోకుండా కిందది ఖాళీ చేసేస్తే బండి అక్కడే ఉండిపోతుంది, పార్ట్స్ షాపుకి వెళ్ళడానికి కూడా లేదు.

ఇక బోల్ట్ గుర్తుపట్టడం, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇంజన్ ఆయిల్ బోల్ట్‌కి తల ఆరు పలకలుగా ఉంటుంది, 17 మిల్లీమీటర్ల స్పానర్ పడుతుంది. గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్ట్‌కి తల మధ్యలో నలుచదరపు గుంట ఉంటుంది, అందులో సాకెట్ అవసరం లేదు, 3/8 అంగుళాల రాచెట్ ముక్కు నేరుగా దిగుతుంది. డ్రైవర్ సైడ్ గేర్‌బాక్స్ అడుగున ఉంటుంది. ఇంజన్ ఆయిల్ మార్చబోయి గేర్‌బాక్స్ బోల్ట్ తీసేసి, పాత ఇంజన్ ఆయిల్ లోపలే ఉండగా పైన ఇంకో నాలుగు క్వార్ట్‌లు పోసి, గేర్‌బాక్స్ ఖాళీగా బండి నడిపే కేసులు హోండాల్లో ఎప్పుడూ వింటూనే ఉంటాం, ఆయిల్ చేంజ్ షాపుల్లో కూడా జరుగుతుంది. కాబట్టి నలుచదరపు గుంట చూశాకే చెయ్యి వెయ్యి.

బోల్ట్ ఊడాక దాని కొసన అయస్కాంతం ఉంటుంది, దాన్ని వేళ్ళ మధ్య పెట్టి చూడు. బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటుంది, కాటుకలాగా నలుగుతుంది, అది మామూలే, ఇన్నేళ్ళ అరుగుదల. గుచ్చుకునే ఇనప ముక్కలు, గేర్ పళ్ళ తునకలు వస్తే మాత్రం లోపల ఏదో విరిగింది. శుభ్రంగా తుడిచి కొత్త వాషర్ వేసి చేత్తో తిప్పి సగం దాకా ఎక్కించు, తర్వాత టార్క్ రెంచ్‌తో 49 న్యూటన్ మీటర్లకి బిగించు, మీ రెంచ్ మీద అయితే 36 ఫుట్ పౌండ్లు. గేర్‌బాక్స్ కేసు అల్యూమినియం, బలం చూపించి బిగిస్తే మరలు తెగిపోతాయి, అప్పుడు వంద రూపాయల పని లక్షకి పోతుంది. టార్క్ రెంచ్ కొనక్కర్లేదు, ఆటోజోన్‌లో డిపాజిట్ కట్టి తీసుకుని వాడి తిరిగిచ్చేస్తే డబ్బులు మొత్తం ఇచ్చేస్తారు.

కారిన పాత ఆయిల్‌ని గీతలున్న డబ్బాలో పోసి ఎంత వచ్చిందో కొలువు, అంతే కొత్తది పొయ్యి. ముందు వైపు లేపి ఉంటుంది కాబట్టి లెక్క అటూ ఇటూ అవ్వొచ్చు, చివరి మాట డిప్‌స్టిక్‌దే. తుడవడానికి నూలు పోగులు ఊడే పాత బనీను గుడ్డ వాడకు, ఆ పోగు లోపలికి వెళ్తే సన్నటి దారుల్లో అడ్డం పడుతుంది. పోశాక ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలు గట్టిగా పెట్టి, పార్క్ నుంచి ఒక్కో గేర్‌లో కాసేపు ఆపుతూ అన్నిట్లోకీ తిప్పు, ఒక రౌండ్ నడిపి వేడెక్కాక ఇందాక చెప్పిన 60 నుంచి 90 సెకన్ల పద్ధతిలోనే లెవెల్ చూడు. తక్కువుంటే కొంచెం కొంచెంగా పొయ్యి, పై గీత దాటనివ్వకు, ఎక్కువైతే లోపల చిలికి నురగ కడుతుంది, నురగకి ప్రెజర్ ఉండదు, గేర్లు జారతాయి. పాత ఆయిల్‌ని డ్రైనేజీలో గానీ చెత్తలో గానీ వెయ్యొద్దు, బాటిళ్ళలో నింపి అదే ఆటోజోన్‌కో ఓ'రైలీకో తీసుకెళ్తే ఫ్రీగా తీసుకుంటారు.

మొదటిసారికే జర్క్ సగం తగ్గొచ్చు, ఏమీ తేడా తెలియకపోవచ్చు కూడా, మూడూ అయ్యే దాకా తీర్పు చెప్పకు. మూడు అయ్యాక కూడా అలాగే ఉంటే అప్పుడు సాలినాయిడ్లు చూపించాలి, అప్పటికి కనీసం ఆయిల్ అనే అనుమానం తీరిపోయి ఉంటుంది కాబట్టి ఎవరూ నీకు ఫ్లష్ అమ్మలేరు.

ఇకముందు ఎప్పుడు మార్చాలో బండే చెప్తుంది అని కొందరు అంటారు. డ్యాష్‌బోర్డ్‌లో సర్వీస్ గుర్తుచేసే మెయింటెనెన్స్ మైండర్‌లో 3 అనే నంబర్ వస్తే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ అని అర్థం, నిజమే. కానీ అది ఆయిల్‌ని పరీక్షించి చెప్పేది కాదు, నడిపిన తీరుని బట్టి వేసే లెక్క. పైగా ఇంజన్ ఆయిల్ మార్చి మైండర్ రీసెట్ చేస్తే ఆ 3 కూడా దాంతోపాటే పోతుంది, పని చేసినా చేయకపోయినా. మీ సీనియర్ చేతిలో అదే జరిగుంటుందని నా అనుమానం, ఆయన్ని తప్పు పట్టలేం, ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు 30,000 మైళ్ళకొకసారి ఒక్క విడత మార్చుకుంటూ పో, తేదీ, మైలేజీ గ్లవ్‌బాక్స్‌లో కాగితం మీద రాసి పెట్టు. రేపు నువ్వు అమ్మేటప్పుడు ఆ కాగితం కొనేవాడికి ఎంత ధైర్యం ఇస్తుందో చూడు.

నాన్నగారి స్విఫ్ట్ పూర్తిగా వేరే బండి. ఏఎమ్‌టీ అంటే లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సూ, మామూలు క్లచ్ ప్లేటే, మన కాలూ చెయ్యీ చేసే పనిని హైడ్రాలిక్ యాక్చువేటర్ చేస్తుంది, మారుతి వాళ్ళు 2014లో సెలెరియోతో ఇది మొదలుపెట్టారు. దానికి టార్క్ కన్వర్టర్ లేదు, ఏటీఎఫ్, అంటే నీ బండిలో పోసే లాంటి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, పోయకూడదు, నీ సివిక్ కథ దానికి పనికిరాదు. దాంట్లో పోసేది గేర్ ఆయిల్, యాక్చువేటర్‌కి విడిగా వేరే ఆయిల్ ఉంటుంది, రెండూ మారుతి సర్వీస్ షెడ్యూల్ ప్రకారం సర్వీస్ సెంటర్‌లోనే చూపించమను, యాక్చువేటర్ జోలికి బయట మెకానిక్‌ని రానివ్వొద్దు. గేర్ మారేటప్పుడు కొంచెం ఊగడం ఏఎమ్‌టీ స్వభావం, అది ఆయిల్ మారిస్తే పోదు. ఆయనకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టొద్దని, బ్రేక్ తొక్కమని, లేకపోతే కాలేది క్లచ్ ప్లేటే.